కంకణం చూపిన పులి వైపు నుంచి

ముసలి పులి, బంగారు కంకణం, బురదలో దిగబడ్డ బాటసారి. ఈ మూడూ చెబితే చాలు, మిగతా కథ బళ్లో తెలుగు వాచకం చదివిన వాళ్లెవరైనా అందుకుంటారు. ఆ కథని పులి చేతే చెప్పించాలని, అదీ పద్యాల్లో చెప్పించాలని పోయిన చలికాలం పూనుకున్నాను. ఉగాది కవి సమ్మేళనంలో చదివాను కూడా. అది ఎలా తయారైందో రాసి పెట్టమని మా ఛందస్సు క్లాసులో కొత్తగా చేరినవాళ్లు అడుగుతున్నారు. అందుకే ఇది.

ముందు నా సంగతి ఒక ముక్క. నేను బ్యాంకులో పనిచేస్తాను. పద్యం నాకు చిన్ననాటి నుంచి అబ్బిన విద్య కాదు. మా పేటలో ఆదివారం సాయంత్రాలు రిటైరైన తెలుగు పండితులొకరు ఛందస్సు చెబుతుంటే వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాను. ఆయన్ని అందరం మాస్టారనే అంటాం. గణాలు, అంటే పాదంలో పొడుగు, పొట్టి అక్షరాల గుంపులు, లెక్కపెట్టడం వచ్చాక ఆయన అందరికీ ఒకే పని అప్పజెప్పారు. "ఊరందరికీ తెలిసిన నీతికథ ఒకటి తీసుకోండి. అందులో దుష్టుడెవడో వాడి చేత చెప్పించండి. రెండే షరతులు. కథ మార్చకూడదు. చివర్లో వాడు మంచివాడైపోకూడదు."

మొదటి షరతు తేలికే. రెండోదే పీక మీద కత్తి.

కథ ఎంచుకోవడానికే చాలా తర్జనభర్జన పడ్డాను. కోతి గుండె కావాలన్న మొసలి గుర్తొచ్చింది కానీ, దానికి "మా ఆవిడ అడిగింది" అనే సాకు ముందే ఉంది. సాకు ఉన్న దుష్టుడి గొంతులో పస ఉండదు. దమనకుడనే నక్క మహా మాటకారి. దాన్ని పట్టుకుంటే సింహం, ఎద్దు, కరటకుడు అందరూ వెంటబడి వస్తారు. ఖండకావ్యంతో సరిపోదు, ప్రబంధమే రాయాలి. ఇక పులి అనగానే మన సాహిత్యంలో పెద్ద పులి ఒకటుంది. అనంతామాత్యుడి భోజరాజీయంలో, ఆవు ఇచ్చిన మాట నిలబెట్టుకుని తిరిగొస్తే కరిగిపోయిన పులి. అది నాకు పనికిరాదు. కరిగిపోవడమే దాని కథ. నాకు కరగని పులి కావాలి.

అలా కంకణం పులి దగ్గర ఆగాను. ఇది హితోపదేశం అనే సంస్కృత నీతికథల పుస్తకంలో, మిత్రలాభం అనే మొదటి భాగం మొదట్లోనే వస్తుంది. తెలుగువాళ్లకి పరిచయం చేసింది 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక. పద్యాలు మొదలుపెట్టే ముందు సంస్కృత మూలాన్ని తాత్పర్యంతో సహా మళ్లీ చదివాను. చదవకుండా జ్ఞాపకం మీద రాసుంటే ఈ పద్యాల్లో సగం పుట్టేవే కావు. ఎందుకంటే చిన్నప్పుడు విన్నదాంట్లో మనకి మిగిలేది ఆశపోతు బాటసారి, టక్కరి పులి, అంతే. మూలంలో ఇంకా చాలా ఉంది.

కథ చెప్పేది ఎవరో గుర్తుందా? చిత్రగ్రీవుడు, పావురాల రాజు. అడవిలో నేల మీద నూకలు కనిపిస్తే పావురాలన్నీ దిగుదామంటాయి. "మనుషులే లేని అడవిలో నూకలెక్కడివి? ఆలోచించండి" అంటాడు రాజు. అలా అంటూ ఈ కథ చెబుతాడు. దక్షిణారణ్యంలో తిరుగుతుండగా తనే కళ్లారా చూశానని మొదలుపెడతాడు. ఈ మాట నేను ముందు పట్టించుకోలేదు. తర్వాత దీని దగ్గరికే వస్తాను.

పులి స్నానం చేసి, దర్భలు పట్టుకుని, చెరువు గట్టున కూర్చుని "ఓ బాటసారులారా, ఈ బంగారు కంకణం తీసుకోండి" అని పిలుస్తుంది. బాటసారి మరీ బుద్ధిహీనుడేం కాదు. డబ్బు సంపాదించే పని ఏదైనా ప్రమాదం లేకుండా ఉండదు కదా అని తనలో తాను తర్కించుకుంటాడు. కంకణం ఏదీ చూపించమంటాడు. పులి చెయ్యి చాపి చూపిస్తుంది. నిన్నెలా నమ్మను అంటాడు. అప్పుడు పులి ఉపన్యాసం మొదలవుతుంది. వయసులో ఉండగా ఎన్నో ఆవుల్నీ మనుషుల్నీ చంపాను, ఆ పాపానికి పెళ్లాం పిల్లలు పోయారు, ఒక పుణ్యాత్ముడు దానధర్మాలు చెయ్యమన్నాడు, గోళ్లూ పళ్లూ రాలిపోయినవాణ్ణి, నన్ను నమ్మకపోతే ఎవర్ని నమ్ముతావు అంటుంది. అక్కడితో ఆగదు. ధర్మానికి ఎనిమిది దారులున్నాయని లెక్క చెబుతుంది. యజ్ఞం, చదువు, దానం, తపస్సు, సత్యం, ధైర్యం, ఓర్పు, లోభం లేకపోవడం. వీటిలో మొదటి నాలుగూ డంబం కోసం కూడా చెయ్యొచ్చు, చివరి నాలుగూ మహాత్ముల్లోనే ఉంటాయి అని కూడా చెబుతుంది.

ఇది చదివి పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పులి తన గుట్టు తనే విప్పేసింది! చేతిలో దానం, ఒంటి మీద స్నానం తడి, నోట్లో చదువు. చూపించేవన్నీ మొదటి నాలుగు దారులవే. అవి వేషం కోసం కూడా చెయ్యొచ్చని వేషగాడే చెబుతుంటే వినేవాడు తలూపుతున్నాడు. ఇలాంటి పాత్రకి మనం కొత్తగా కల్పించి పెట్టాల్సింది ఏముంటుంది? ఆ గొంతు పట్టుకుంటే చాలు.

ఏ ఛందస్సులో రాయాలన్నది తర్వాతి ప్రశ్న. కందం అనుకున్నాను గానీ దానికి ప్రాస నియమం ఉంది. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలపాలనే యావలో పులి నోటికి రాని మాటలు పెట్టాల్సి వస్తుందని భయపడ్డాను. ఆటవెలదికి ప్రాస బెడద లేదు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు (పొట్టి గణాలు), రెండు ఇంద్రగణాలు (పొడుగువి). రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. అంటే ఒక పాదం సాగుతుంది, తర్వాతి పాదం చిన్న చిన్న అడుగులతో ముగుస్తుంది. కాలు ఈడుస్తూ వచ్చి చివర్లో గబుక్కున అందుకునే ముసలి పులికి అంతకంటే తగిన నడక లేదనిపించింది. మధ్యలో ఒకటి రెండు తేటగీతులు కలిపాను. యతి మాత్రం తప్పదు. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం స్నేహంగా ఉండాలి. పులి అని మొదలెడితే నాలుగో గణం పు, బు, భు, ము లాంటి వాటితో రావాలి. సరిగ్గా ఈ కథలో పులి, బురద, భుక్తి మూడూ ఒకే యతికి ఒదుగుతాయి. ఇంత కలిసొచ్చే కథ నాకు మళ్లీ దొరకదు.

మొదట రాసింది చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం చాలా గంభీరంగా రాశాను.

అడవి గొట్టి మనుజు లాకలి పెట్టిరి,
అనగ నేరమగునె "యాకలి" యని?

ఇలా మొదలై పద్యం తర్వాత పద్యం పులి తరఫు వకాల్తా. అడవులు నరికారు, జింకలు తగ్గాయి, నేనేం చెయ్యను? యతి సరిపోయింది, గణాలు సరిపోయాయి. మా అన్నయ్య కూతురు ఏడో తరగతి చదువుతోంది. సెలవులకి వచ్చిందని దానికి వినిపించాను. బుద్ధిగా విని, "అత్తా, మరి పులి కంకణం ఎందుకు చూపించింది? ఆకలేస్తోంది, అన్నం పెట్టమని అడగొచ్చుగా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆకలి ఉన్నవాడు దుష్టుడు కాదు. ఆకలికి దర్భలు తొడిగినవాడు దుష్టుడు. ఆ దర్భల్ని పక్కన పెట్టి నేను పొట్ట గురించే రాస్తున్నాను. ఆ పద్యాలన్నీ తీసేశాను. పై రెండు పాదాలు ఎవరికైనా కావాలంటే వాడుకోవచ్చు.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు పులి బాటసారితో కాకుండా మనతో మాట్లాడుతున్నట్టు మార్చాను. అంతా అయిపోయాక, గట్టు మీద కూర్చుని, కథ విని తనని తిట్టుకుంటున్న మనందరితో. మొదటి పద్యం ఇది.

గోరు లేదు, పండ్లు గూలిపోయెను నాకు,
కాళ్లు లేవవింక గంతు వేయ,
కడుపు మాత్రమిపుడు గర్జించుచున్నది;
గడ్డి మేయుమంద్రె కఠినులార!

నాలుగో పాదం దగ్గర చాలాసేపు తచ్చాడాను. "గడ్డి మేయుమంద్రె" వరకు వచ్చేసింది. మిగిలింది రెండు సూర్యగణాల చోటు, అదీ క గానీ గ గానీ ముందుండాలి. చటుక్కున తట్టింది "కరుణ లేక". గడ్డి మేయమంటారా, దయ లేకుండా? లెక్క సరిపోయింది. పైకి చదువుకుంటే మాత్రం పులి ముక్కు చీదుతున్నట్టుంది. బస్సులో బ్యాంకుకి వెళ్తూ వేళ్ల మీద లెక్కేసుకుంటుంటే "కఠినులార" వచ్చింది. అవే రెండు గణాలు, అదే యతి. కానీ పులి ఇప్పుడు తన మీద జాలిపడటం లేదు, మన మీదికి తిరిగింది. పక్క సీటావిడ నా వేళ్ల వంక అనుమానంగా చూసింది. జపం అనుకుని ఉంటుంది.

దీనితో నాకొక దారి దొరికింది. ఎక్కడ పులి తన గురించి తను బాధపడుతోందో అక్కడ ఆ మాటని ఎదుటివాళ్ల మీదికి తిప్పడం. అలా తిప్పగలిగితే ఉంచాను, లేకపోతే కొట్టేశాను.

భాష కూడా రెండు రకాలుగా పెట్టుకున్నాను. బాటసారిని పిలిచేటప్పుడు పులి నోట్లో సంస్కృతం పలకాలి. తనలో తను అనుకునేటప్పుడు అచ్చ తెలుగు, ఇంట్లో మాట. రెండూ ఒకే పద్యంలో ఇమిడితే మరీ మంచిది. మూలంలో పులి వల్లించే శ్లోకాల్లో ఒకటి, పేదవాణ్ణి పోషించు, ధనవంతుడికి ఇవ్వకు, మందు రోగికి కావాలి గానీ ఆరోగ్యవంతుడికెందుకు అనేది. మంచి మాటే కదా. అందులో తప్పు పట్టేదేముంది? సరిగ్గా పులి వాదన కూడా అదే.

దర్భ చేత బట్టి ధర్మము పలికితి,
తప్పు పలుకలేదు దాననొకటి;
పేదవాని కిమ్ము, పెద్దల కీకుము –
పాత మాట! నాది పస్తు మాట.

చివరి పాదం విని మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మెచ్చుకున్నట్టా కాదా తెలియదు. ఆయన "ధర్మముఁ బలికితి" అని అరసున్నతో సరళాదేశం, అంటే ప ని బ చెయ్యాలన్నారు. నేను మార్చలేదు. పుస్తకంలో కంటే మైకులో బతకాల్సిన పద్యాలివి, ఈ కాలం చెవికి తగలాలి. అయినా మిగతాచోట్ల ఆయన మాటకే లొంగాను. "పండ్లు కూలిపోయెను" అని రాస్తే "గూలిపోయెను" చేయించింది ఆయనే. దాంతో గో, గూ రెండూ ఒక్క హల్లే అయ్యి యతి ఇంకా బాగా మోగింది.

ఇక పావురం సంగతి.

కథ మార్చకూడదు కాబట్టి, రాసినంత మేరా మూలం పక్కన పెట్టుకుని సరిచూసుకుంటున్నాను. "నేను కళ్లారా చూశాను" అన్న చిత్రగ్రీవుడి మాట అప్పుడు కొట్టొచ్చినట్టు కనపడింది. చూశాడా? ఎక్కడి నుంచి? ఏ చెట్టు మీదో కొమ్మ మీద కూర్చునే అయ్యుంటుంది. పులి పిలవడం విన్నాడు, ఎనిమిది దారుల ఉపన్యాసం విన్నాడు, బాటసారి స్నానానికి దిగడం చూశాడు. ఏం చేశాడు? మూలంలో ఏం చేసినట్టూ లేదు. తర్వాత ఎప్పుడో తన వాళ్లకి నీతి చెప్పడానికి ఈ కథ వాడుకున్నాడు. ఇన్నేళ్లుగా ఈ కథ వింటున్నాం, పిల్లలకి చెబుతున్నాం, ఈ ప్రశ్న ఎవరికీ రాదు. ఎందుకంటే మనం కథని ఎప్పుడూ పావురం కూర్చున్న కొమ్మ మీద నుంచే చూస్తాం. గట్టు మీద నుంచి చూస్తే కొమ్మ మీద పావురం కనపడుతుంది. పులికి కనపడదా?

ఈ పద్యానికి నేను పెద్దగా కష్టపడలేదు. రాత్రి గిన్నెలు సర్దుతుంటే దాదాపు మొత్తం ఒకేసారి వచ్చింది.

చెట్టు మీద పిట్ట చెప్పలేదొక మాట,
రెక్కలుండి కూడ రేగలేదు;
కథగ జెప్పె పిదప కపటమే లేనట్లు –
నేను దుష్టుడైతి, నీతి తనది!

దుష్టుడి వైపు నుంచి రాయడం అంటే ఏమిటో నాకు ఇక్కడే తెలిసింది. పులిని కడిగి శుభ్రం చెయ్యక్కర్లేదు. అది చంపింది, తిన్నది. కానీ చంపినవాడు నిలబడ్డ చోటు నుంచి చూస్తే, కథ చెప్పినవాడు చెప్పకుండా వదిలేసినవి కొన్ని కనపడతాయి. వాటిని పులి చేత అనిపిస్తే చాలు. పులి అనే ఆ మాట నిజం కావడం, అది అంటున్నది పులి కావడం, రెండూ ఒకేసారి గుచ్చుకోవాలి.

క్లాసులో ఒకాయన దీనికి అడ్డు చెప్పారు. "అమ్మా, పావురం ఏం చెయ్యగలదు? అల్పప్రాణి. అరిచినా ఆ మనిషికి అర్థమవుతుందా?" కథలో పులి మాట అర్థమైన మనిషికి పావురం మాట అర్థం కాదా అన్నాను. అందరూ నవ్వారు. ఆయన ఒప్పుకోలేదనుకోండి. ఒప్పుకోకపోవడమే నాకు బాగా అనిపించింది. పులి మాటకి జవాబు చెప్పాలని ఒకరికి తోచిందంటే పులి గొంతు బతికినట్టే.

కొమ్మ మీది పావురం కనపడ్డాక ఇంకో ప్రశ్న దానంతటదే వచ్చింది. అడవిలో నూకలెక్కడివి అని చిత్రగ్రీవుడు అడిగాడు. చక్కటి ప్రశ్న. మరి అడవిలో పులి చేతికి కంకణం ఎక్కడిది? బాటసారి కంకణం ఏదీ అని అడిగి చూశాడే గానీ ఎవరిదని అడగలేదు. కథ చెబుతున్న పావురమూ అడగలేదు. పులులు కంసాలి దగ్గర చేయించుకోవు. ఎవరి చేతి నుంచో వచ్చిందది. ఆ చెయ్యి ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. మూలం ఈ విషయం ఎత్తదు కాబట్టి నేను కథ మార్చినట్టు కాదు. మాస్టారి షరతుకి భంగం లేదు. ఇక్కడ ఆటవెలది వదిలి తేటగీతి తీసుకున్నాను. నాలుగు పాదాలూ ఒకే లెక్క, సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. మాట ఎక్కడా తెగకుండా పాదం నుంచి పాదానికి దొర్లుకుంటూ పోవడానికి అనువుగా ఉంటుంది.

కంకణంబిది యెవ్వాని కరముదంచు
నడుగలేదొక్క డాశతో నాతురముగ
జేయి చాచిరి గాని నా చెంతనున్న
యెముకలను గాంచరెవ్వరు, నేమి చెప్ప?

"చాచిరి" అని బహువచనం కావాలనే వేశాను. ఒక్క బాటసారి కాదు. కథలో మనం చూసింది ఒకణ్ణే.

బురద ఘట్టం చివరికి ఉంచుకున్నాను, భయం వల్ల. మూలంలో అది రెండు మూడు వాక్యాలే. స్నానానికి దిగి బాటసారి పెద్ద బురదలో కూరుకుపోతాడు. "అయ్యో, బురదలో పడ్డావే, ఉండు, నేను లేవదీస్తాను" అంటూ పులి మెల్లమెల్లగా వస్తుంది. ఆ "మెల్లమెల్లగా" చదివితేనే నాకు వెన్ను జలదరిస్తుంది. పళ్లూ గోళ్లూ లేని ముసలిది మెల్లగా కాక ఇంకెలా వస్తుంది అనుకోవచ్చు. అలా కాక, తొందరేం లేదు కాబట్టి మెల్లగా వచ్చిందని కూడా అనుకోవచ్చు. రెండూ నిజమే అయ్యుంటాయి.

ముందు రాసిన పద్యంలో చివరి పాదం "దుఃఖమయ్యె నాకు తుదకు చూడ". పులి కాస్త చలించింది. గణాలు బాగున్నాయి, వినడానికీ ఇంపుగా ఉంది. ఇంపుగా ఉంది కాబట్టే అనుమానమొచ్చింది. దుష్టుడి చేత కథ చెప్పించేవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట వాడి కంట నీరు పెట్టించాలనిపిస్తుంది. అప్పుడు వినేవాళ్లకి హాయిగా ఉంటుంది, రాసేవాళ్లకి ఇంకా హాయి. మాస్టారి రెండో షరతు ఎందుకుందో నాకు అప్పుడు పూర్తిగా బోధపడింది. ఆ పాదం తీసేసి ఇలా ముగించాను.

బాటసారి దిగెను పంకాన మొలబంటి,
మోకు లేదు, గట్టు మొదలు లేదు;
లేవదీతునంటి, లేచితి మెల్లగ –
తొందరేల నాకు? దొరికె విందు.

ఇది రాసిన రోజు ఇంట్లో ఎవరికీ వినిపించలేదు. రాసింది నేనేనా అనిపించింది. బాటసారి చావుని మాత్రం పద్యంలో చూపించలేదు. మూలంలో బాటసారి చివరి క్షణంలో చాలా నీతులు తలుచుకుని విచారిస్తాడు. శాస్త్రాలు చదివినంత మాత్రాన దుర్మార్గుడి స్వభావం మారదని, నదుల్నీ గోళ్లు కొమ్ములున్న జంతువుల్నీ నమ్మకూడదని. పులి కథ చెబుతుంటే అవి దానికి ఎలా తెలుస్తాయి? మనసులో అనుకున్నవి కదా. పులికి వినపడింది బురద చప్పుడు మాత్రమే. ఆ శ్లోకాలన్నీ అలా ఒక్క వేటుకి పోయాయి. గొంతు మారితే కథలో ఏమేం ఉండొచ్చో కూడా మారిపోతుందని కొత్తగా రాసేవాళ్లు గుర్తుంచుకోండి.

చివరి పద్యం పులి మళ్లీ దుకాణం తెరవడం.

కడిగి తీసినాడ కంకణమును నేను,
దర్భలెండిపోయె, తడుపవలయు;
దారి పట్టి యొకడు తలవంచి వచ్చెను –
రమ్ము, బాటసారి! రమ్ము, రమ్ము!

ఉగాదికి చదవడం ఇంకో ఎత్తు. మా నాన్నగారికి పద్యనాటకాల పిచ్చి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో కృష్ణుడి పద్యాలు ఎంత ఇష్టమో దుర్యోధనుడివీ అంతే ఇష్టం. ఆ మాటకొస్తే తెలుగు ప్రేక్షకులు దుర్యోధనుడికి కూడా వన్స్‌మోర్ కొట్టగల రసికులు. దుష్టుడి నోట మంచి పద్యం పడితే ఒప్పుకుని చప్పట్లు కొట్టే అలవాటు మనకి ఎప్పటి నుంచో ఉంది. అదే నా ధైర్యం. నాకు పెద్దగా పాడటం రాదు. మోహనలో పిలుపు పద్యం ఒక్కటి కాస్త రాగం తీశాను, తీపి రాగమైతే వల బాగా పడుతుందని. బురద పద్యం రాగం లేకుండా వచనంలా చదివాను. ముందు వరుసలో పిల్లలు కరకరా తింటున్న పాప్‌కార్న్ పొట్లాల చప్పుడు ఆ పద్యం దగ్గర ఆగింది. పావురం పద్యం అయ్యాక వెనక నుంచి ఒక పెద్దాయన "మళ్లీ అనమ్మా ఆ పిట్ట పద్యం" అన్నారు. మళ్లీ అన్నాను. రెండోసారి "నీతి తనది" దగ్గర నేను ఆగితే జనమే అందుకున్నారు.

దిగి వస్తుంటే ఒకావిడ పట్టుకుని "పులి తరఫున మాట్లాడతావా తల్లీ, ఆడపిల్లవి?" అని అడిగింది. సరదాకా, నిజంగానా తేలలేదు. పులి తరఫున కాదండీ, పులి పక్కన నిలబడి చూశానంతే అన్నాను. ఆవిడకి నచ్చినట్టు లేదు.

ఉగాది సంచికలో కూడా పద్యాలు వేశారు. అచ్చుతప్పులు పెద్దగా లేవు. "మొలబంటి" ఒక్కటి "మొలబంతి" అయ్యింది, పోనిద్దురూ. అయితే చివరి పద్యం కింద, బాక్సు కట్టి, లావు అక్షరాల్లో "నీతి: అత్యాశ ప్రాణాంతకం" అని ఉంది. అది నేను రాసింది కాదు. ఫోన్ చేసి ఎవరు వేశారని అడిగితే సంచిక చూసుకునే కుర్రాడు ఎంతో మర్యాదగా చెప్పాడు. "పేజీలో కింద రెండు లైన్ల చోటు మిగిలిపోయిందండీ మేడం, ఖాళీగా ఉంటే బాగోదని."